ఆధార్ ఇవ్వాలా, ఫోను లాక్కోవాలా?

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారాలు. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. మా ఆయన గుజరాత్‌లోని వేరావల్‌లో చేపల బోటు మీద పనిచేస్తారు. ఏడాదిలో ఎనిమిది తొమ్మిది నెలలు అక్కడే. నేను ఇంటి దగ్గర జాకెట్లు కుడతాను. పెద్దోడు శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్నాడు. పాప తొమ్మిదో తరగతి, పద్నాలుగేళ్లు. నాన్నతో మాట్లాడుకుంటుందని అన్న వాడి వదిలేసిన ఫోను దానికిచ్చాం. పోయిన నెల తనే ఏడుస్తూ వచ్చి చెప్పింది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవడో పరిచయమయ్యాడట. మొదట్లో బాగానే మాట్లాడాడట. ఓణీ వేసుకున్న ఫొటో ఒకటి పంపిందట. ఇప్పుడు ఇంకా ఫొటోలు కావాలంటున్నాడు, పంపకపోతే దాని మొహం తీసి ఏదో చెడ్డ బొమ్మకి అతికించి ఊరందరికీ పంపిస్తానంటున్నాడట. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఫోను లాక్కుని బియ్యం డబ్బాలో పెట్టేశాను. అప్పట్నుంచి పాప నాతో సరిగా మాట్లాడదు, సరిగా తినదు.

సంగతి ఎలాగో బయటికి పొక్కింది. రామాలయం దగ్గర పెద్దలు కూర్చుని, పెళ్లికాని ఆడపిల్లల చేతిలో ఫోను ఉండకూడదని తీర్మానించారు. మా తమ్ముడేమో, పదహారేళ్ల లోపు పిల్లలకు ఇవన్నీ బంద్ చేసే చట్టం వస్తుందట, ఆధార్ చూపిస్తేనే తెరుచుకుంటాయట, అప్పుడు గాని ఈ పీడ వదలదంటాడు. పెద్దోడు దానికి ససేమిరా ఒప్పుకోడు. వాడు వేరే పేరుతో ఒక పేజీ నడుపుతున్నాడు. మా ఊరి కుళాయి నీళ్ల గురించి, రోడ్డు గురించి రాస్తాడు. ‘ఆ రాసేదెవడో తెలిస్తే కాళ్లు విరగ్గొడతాం’ అని ఇద్దరు ముగ్గురు ఇప్పటికే అన్నారు. ఆధార్ అడిగే చట్టం వస్తే రాయడం మానుకోవలసిందే అని వాడి బాధ. ఒక బిడ్డకి మంచిదనుకుంటే ఇంకో బిడ్డకి చెడ్డ. నేనేటి కోరుకోవాలి? ఫోను లాక్కోవడం తప్పా? రేపు ఆ యాప్ వాళ్లు నా ఆధార్ అడిగితే ఇవ్వాలా?

– ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

జవాబు:

అమ్మా, ముందు బియ్యం డబ్బాలోంచి ఆ ఫోను తీయండి. చట్టాల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఛార్జింగ్ పెట్టి, పాపను పక్కన కూర్చోబెట్టుకుని, పెద్దబ్బాయి ఇంటికొచ్చిన రోజైతే వాణ్నీ పిలిచి, ఆ మాటలన్నీ ఒకసారి పైనుంచి కిందికి చూడండి. పాపకు సిగ్గనిపించి మొహం అటు తిప్పుకుని కూర్చున్నా ఫరవాలేదు. వాడి బెదిరింపు ఒక్కొక్కటీ స్క్రీన్‌షాట్ తీయించండి, వాడి ఖాతా పేరూ తేదీ టైమూ కనబడేలా. ఆ ఖాతా లింకు కూడా కాపీ చేసి పెట్టుకోవాలి, ఇలాంటివాళ్లు పేరు మార్చేస్తుంటారు. ఇదంతా అయ్యాకే బ్లాక్ చేయడం. భయపడి ముందే ఖాతా తీసేస్తే చేతిలో ఉన్న సాక్ష్యాన్ని మనమే పారేసుకున్నట్టు. వాడికి జవాబివ్వొద్దు, బతిమాలొద్దు, డబ్బడిగితే రూపాయి కూడా పంపొద్దు. బెదిరారని తెలిస్తే వాడు ఇంకా బిగిస్తాడు.

తర్వాత ఫిర్యాదు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయొచ్చు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్ల మీద, పిల్లల మీద జరిగే నేరాలకు విడిగా చోటుంది, అక్కడ రాయొచ్చు. పేరు చెప్పకుండా రాసే వీలు కూడా ఉంది గానీ, వాణ్ని పట్టుకుని కేసు నడవాలంటే మీ పేరుతో ఇవ్వడమే మంచిది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది, రాత్రయినా పగలయినా ఎత్తుతారు.

స్టేషన్ మెట్లెక్కాలంటే మీకు భయం వేస్తుందని నాకు తెలుసు. ఆడపిల్ల పేరు బయటపడుతుందనే గదా ఆ భయం. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012లో వచ్చింది, ఆ భయాన్ని ఎరిగే రాశారు దాన్ని. పిల్ల వాంగ్మూలం పిల్ల ఇంట్లోనో, పిల్లకు నచ్చిన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని ఆడ ఆఫీసరే తీసుకోవాలి. యూనిఫాంలో రాకూడదు. రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. పేరు, ఊరు, బడి, ఏదీ పత్రికల్లో రాకూడదు. అదే చట్టంలో 11వ సెక్షన్ చూస్తే మీ పాప సంగతి అచ్చంగా అక్కడ ఉన్నట్టే ఉంటుంది. ఫోను ద్వారానో మరోలాగో పిల్లను పదే పదే వెంటాడటం, ఉన్న బొమ్మతోగానీ కల్పించిన బొమ్మతోగానీ బెదిరించడం, రెండూ లైంగిక వేధింపు కిందికే వస్తాయి. శిక్ష మూడేళ్ల దాకా ఉంది. వాడు ఆ బొమ్మ ఇంకా తయారుచేయకపోయినా, చేస్తానని బెదిరించడమే నేరం. మీ పాప ఫొటో పంపింది గదా అని ఆ చట్టంలో ఒక్క ముక్క కూడా పాపను తప్పుపట్టదు.

ఒకవేళ వాడు అన్నంత పనీ చేస్తే, అప్పుడూ దారి ఉంది. టేక్ ఇట్ డౌన్ అని పిల్లల కోసం నడిచే ఉచిత సేవ ఒకటుంది. ఆ ఫొటోను ఎవరికీ పంపకుండానే, ఫోనులోనే దానికొక వేలిముద్రలాంటి గుర్తు తయారుచేసి, ఆ గుర్తు మాత్రం పెద్ద కంపెనీలకు ఇస్తారు. ఆ కంపెనీలు తమ దగ్గర అలాంటి బొమ్మ ఉంటే పట్టుకుని తీసేస్తాయి. మన ఐటీ నిబంధనల ప్రకారం కూడా ఇలాంటి ఫొటో మీద బాధితులు ఫిర్యాదు చేస్తే కంపెనీ గంటల లెక్కన తీసేయాలి, రోజులు గడపడానికి లేదు.

ఫోను లాక్కోవడం తప్పా అని అడిగారు. మిమ్మల్ని తప్పుపట్టే అర్హత నాకు లేదమ్మా. నేను హెడ్మిస్ట్రెస్‌గా ఉన్న రోజుల్లో ఒక పదో తరగతి పిల్ల మధ్యాహ్న భోజనం అయ్యాక నా గదికి వచ్చింది. కడిగిన కంచం చేతిలోనే ఉంది, నీళ్లు నేల మీద బొట్లు బొట్లుగా పడుతున్నాయి. ఒక అబ్బాయి దగ్గర తన ఫొటో ఉందని, అందరికీ చూపిస్తానంటున్నాడని చెప్పింది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, ‘నీకు ఫోను ఎవరిచ్చారు?’ అని. ఆ పిల్ల అక్కడితో ఆగిపోయింది. నేను అడిగినదానికి తల వంచుకుని జవాబు చెప్పింది, చెప్పడానికి వచ్చింది మాత్రం పూర్తిగా చెప్పలేదు. సాయంత్రానికి తండ్రిని పిలిపించాను. అదే సరైన పని అనుకున్నాను. మర్నాటి నుంచి బడికి రాలేదు. మాఘమాసంలో పెళ్లి చేసేశారని తర్వాత తెలిసింది. ఆ అబ్బాయి పరీక్షలు రాశాడు, పాసయ్యాడు, పై చదువుకు వెళ్లిపోయాడు. ఇన్నేళ్లయినా ఆ కంచం అంచు నుంచి జారే నీళ్లు నాకు కనబడుతూనే ఉంటాయి.

మీ పాప తనంతట తనే వచ్చి మీకు చెప్పింది. ఈ మొత్తం వ్యవహారంలో మీ చేతిలో ఉన్న బలమైన సంగతి అదే. చెప్పిన మరుక్షణం ఫోను పోయింది. దానికి అర్థమైందేమిటంటే, అమ్మకు చెబితే ఉన్నది పోతుంది. రేపు ఇంతకంటే పెద్ద ఆపద వస్తే ఎవరికి చెబుతుంది? కాబట్టి ఫోను తిరిగి చేతికిచ్చేటప్పుడు ఒక మాట అనండి: ‘నువ్వు చెప్పి మంచి పని చేశావు. నేను కంగారుపడి లాక్కున్నాను.’ అంతకు మించి ఒక్క ముక్క కూడా కలపకండి.

ఇప్పుడు వయసు సంగతికి వద్దాం. పాప ఖాతా తెరిచేటప్పుడు పుట్టిన సంవత్సరం ఏమని వేసిందో చూడండి. చాలామంది పిల్లలు వయసు పద్దెనిమిదో పందొమ్మిదో వచ్చేలా వేస్తారు. ఇన్‌స్టాగ్రామ్‌లో పదమూడేళ్లు నిండినవాళ్లకు చోటుంది, మీ పాప నిజం వయసుతోనే తెరవొచ్చు. పైగా 2025 ఫిబ్రవరి నుంచి మన దేశంలో కూడా టీన్ అకౌంట్లు వచ్చాయి. ఆ పిల్లల ఖాతా తనంతట తానే ప్రైవేటులో ఉంటుంది. ముక్కూమొహం తెలియనివాడు మెసేజి పెట్టలేడు. పదహారు లోపువాళ్లు ఆ కట్టుబాట్లు సడలించుకోవాలంటే తల్లో తండ్రో ఒప్పుకోవాలి. వయసు ఎక్కువ వేసుకున్న పిల్లకు ఈ గోడలేవీ ఉండవు, పెద్దవాళ్ల సంతలో ఒంటరిగా నిలబడ్డట్టే. మీ పాప ఖాతాలో తేదీ తప్పుంటే ఇద్దరూ కూర్చుని సరిచేయండి. ‘అబద్ధమాడావు’ అని మాత్రం అనొద్దు. ఊళ్లో ఏ పిల్లనడిగినా అదే చేసి ఉంటుంది.

మీ తమ్ముడు చెప్పిన పదహారేళ్ల చట్టం గాలి కబురేమీ కాదు. ఆస్ట్రేలియాలో 2024 నవంబరులో పాసైంది, 2025 డిసెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, స్నాప్‌చాట్ లాంటివాటిలో పదహారు నిండనివాళ్లకు ఖాతా ఉండకూడదు. అందులో నాకు నచ్చిందొకటుంది. పిల్లలకు శిక్ష లేదు, తల్లిదండ్రులకు జరిమానా లేదు. బరువంతా కంపెనీ మీదే వేశారు, తప్పితే దాదాపు 5 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా కట్టాలి. మొదటి నెల్లోనే దాదాపు 47 లక్షల ఖాతాలు తీసేశారని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. మన రాష్ట్రం కూడా ఆ చట్టాన్ని పరిశీలిస్తోందని 2026 జనవరిలో దావోస్‌లో మంత్రి నారా లోకేశ్ అన్నారు. మీ తమ్ముడి చెవిన పడింది అదే కావచ్చు. అయితే ఇంటర్నెట్ లాంటి సమాచార వ్యవస్థల మీద చట్టం చేసే అధికారం రాజ్యాంగం ప్రకారం కేంద్రానిది. రాష్ట్రం ఒక్కటే ఎంతవరకు చేయగలదన్నది తేలాల్సిన ప్రశ్న.

బ్రిటన్‌లో ఇంకో రకంగా చేశారు. 2023లో ఆన్‌లైన్ సేఫ్టీ యాక్ట్ తెచ్చి, 2025 జూలై 25 నుంచి అశ్లీలమైనవీ, ఆత్మహత్యను ఎగదోసేవీ పిల్లల కంటపడకుండా వయసు గట్టిగా తనిఖీ చేయమన్నారు. ఉద్దేశం మంచిదే, ఎవరు కాదంటారు? కానీ లోపల పిల్లవాడు ఎవడో తేలాలంటే గుమ్మం దగ్గర పెద్దవాళ్లందరూ కార్డు తీయాలి, లేదా మొహం కెమెరాకు చూపించాలి. అమలైన వారంలోనే, వేరే దేశంలో ఉన్నట్టు చూపించే వీపీఎన్ యాప్‌లు అక్కడి డౌన్‌లోడ్ల పట్టికలో పైకెక్కి కూర్చున్నాయి. వీడియో గేమ్‌లోని బొమ్మ మొహాన్ని కెమెరా ముందు పెట్టి తనిఖీ దాటినవాళ్లూ ఉన్నారు. చట్టం రద్దు చేయమని పార్లమెంటుకు పెట్టిన అర్జీ మీద 5 లక్షలమందికి పైగా సంతకాలు చేశారు. ఆ సంతకాలు చేసినవాళ్లంతా పిల్లల మేలు కోరనివాళ్లని నేను అనుకోను. మీ పెద్దబ్బాయి లాంటివాళ్లు కూడా వాళ్లలో ఉంటారు.

కెమెరా మొహం చూసి వయసు చెబుతుందంటారు గదా, అది అంచనాయేనమ్మా. ఆరేళ్ల పిల్లకూ నలభై ఏళ్ల మనిషికీ తేడా పట్టుకుంటుంది. పదిహేనుకీ పదిహేడుకీ మధ్య తడబడుతుంది. చట్టానికి కావలసింది సరిగ్గా ఆ మధ్య గీతే. పోనీ కాగితం చూద్దామంటే, మన కాగితాల సంగతి నాకంటే ఎవరికి తెలుసు? బడిలో చేర్చుకునేటప్పుడు తేదీ తెలియని పిల్లలకు అయిదేళ్లు నిండేలా లెక్కగట్టి జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ వేసేవాళ్లం. నా చేతులతోనే అడ్మిషన్ రిజిస్టరులో అలా ఎన్ని వేశానో. పదో తరగతి పరీక్ష రాసే పిల్లల జాబితా, అదే నామినల్ రోల్స్, పంపే వేళకు అమ్మలూ నాన్నలూ వరసకట్టి వచ్చేవారు, ‘అమ్మగారూ, మా గుంటడు వానాకాలంలో పుట్టాడండీ, మీరేమో ఎండాకాలం వేశారు’ అని. ఆ తేదీయే ఆధార్‌కెక్కింది, ఆ ఆధారే రేపు కంపెనీకి చేరుతుంది.

ఆధార్ ఇవ్వాలా అన్న మీ ప్రశ్నకు జవాబు సూటిగానే చెబుతాను. ఇవ్వకండి. ఇన్‌స్టాగ్రామ్ వాడుకోవడానికి ఆధార్ చూపించాలని ఇవాళ మన దేశంలో ఏ చట్టమూ లేదు. ‘కొత్త రూలు వచ్చింది, మీ పాప వయసు తనిఖీ చేయాలి, ఆధార్ నంబరు, ఓటీపీ చెప్పండి’ అని ఎవరైనా ఫోను చేస్తే వాడు దొంగ, పెట్టేయండి. ఎక్కడైనా తప్పనిసరిగా ఇవ్వవలసి వస్తే చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మీసేవలో అడిగితే తీసిస్తారు.

కార్డు చేతులు దాటితే ఏమవుతుందో ఒకసారి విజయనగరంలో చూశాను. గంటస్తంభం దగ్గర మిరపకాయ బజ్జీలు కొనుక్కుని ఇంటికొచ్చి పొట్లం విప్పితే, నూనె మరకల కింద ఒకావిడ ఆధార్ జిరాక్స్. మొహం, ఇంటి నంబరు, భర్త పేరు, అన్నీ చక్కగా కనబడుతున్నాయి. ఆవిడ ఏ పథకానికి దరఖాస్తు చేసుకుందో, ఆ కాగితాల కట్ట ఎన్ని చేతులు మారిందో. ఆ కాగితం నేను పొయ్యిలో వేశాను. కంపెనీల కంప్యూటర్లలోంచి బయటపడ్డదాన్ని వేయడానికి పొయ్యి లేదు. జనం కబుర్లాడుకునే యాప్ నడిపే డిస్కార్డ్ అనే సంస్థ 2025 అక్టోబరులో ఒప్పుకుంది, తన పని చూసిపెట్టే బయటి కంపెనీ నుంచి దాదాపు 70 వేలమంది గుర్తింపు కార్డుల ఫొటోలు దొంగలపాలై ఉండొచ్చని. ఆ కార్డులు వయసు రుజువు చేసుకోవడానికి జనం పంపినవే.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది పెద్దబ్బాయి సంగతి. మన దగ్గర సంతకం లేని ఉత్తరానికి ఆకాశరామన్న ఉత్తరమని పేరు. ఇప్పుడు మీ ఇంటి చుట్టూ ఇద్దరు ఆకాశరామన్నలున్నారు. మీ పాపను బెదిరించేవాడొకడు, కుళాయి నీళ్ల గురించి రాసే మీ అబ్బాయొకడు. మీ తమ్ముడు మొదటివాణ్ని చూసి ముసుగులన్నీ ఊడబీకమంటున్నాడు. మీ అబ్బాయి తన ముసుగు తీస్తే కాళ్లు విరుగుతాయంటున్నాడు. ఇద్దరి మాటలోనూ నిజముంది, కానీ ఒకడి ముసుగు తీయడానికి అందరి ముసుగూ తీయక్కర్లేదమ్మా. నేరం జరిగింది, ఫిర్యాదు వచ్చింది, పోలీసులు నోటీసు ఇచ్చి ఆ ఖాతా ఏ నంబరుతో తెరిచారో, ఎక్కడ్నుంచి వాడుతున్నారో కంపెనీని అడిగే దారి చట్టంలో ఇప్పుడే ఉంది. ఆ దారి నెమ్మదిగా నడుస్తుందన్నది నిజం. దాన్ని వేగంగా నడిపించమని అడగాలి, సైబర్ పోలీసులు ఇంకా కావాలని అడగాలి. అందరి కార్డులూ ముందే పోగేసి పెడితే బెదిరించేవాడు అద్దె సిమ్ముతో దొంగ కార్డుతో లోపలికొస్తాడు, మీ అబ్బాయి మాత్రం నోరు మూసుకుంటాడు.

ఇది నా ఊహ కాదు. 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్‌ఘర్‌లో ఒక అమ్మాయి, శివసేన నాయకుడు బాల్ ఠాక్రే పోయినప్పుడు ముంబయి బంద్ ఎందుకని ఫేస్‌బుక్‌లో రాసింది. ఇంకో అమ్మాయి దానికి లైక్ కొట్టింది. ఇద్దర్నీ అరెస్టు చేశారు. లైక్ కొట్టినందుకు! అప్పటి ఐటీ చట్టంలో 66ఏ అని ఒక సెక్షన్ ఉండేది. ‘చిరాకు కలిగించే’ రాత అయినా నేరమే దాని ప్రకారం. ఎవరికి చిరాకు, ఎంత చిరాకు అన్నది పోలీసు ఇష్టం. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఆ ఇద్దరు జడ్జిల బెంచిలో ఒకరు మన తెలుగువారు, జస్టిస్ జాస్తి చలమేశ్వర్. విచిత్రమేమిటంటే, కొట్టేసిన సెక్షన్ కింద ఏళ్ల తరబడి కేసులు పెడుతూనే వచ్చారు. ఇక ఆపమని 2022లో కోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మంచి ఉద్దేశంతో రాసిన చట్టమైనా, మాటలు వదులుగా ఉంటే ఎవరి మీద పడుతుందో చెప్పలేం. అందుకే ‘పిల్లల కోసం’ అని వచ్చే ప్రతి చట్టంలోనూ మాటలు ఎంత బిగువుగా ఉన్నాయో చూస్తాను నేను.

అబ్బాయికి ఈ మాట చెప్పండి. వేరే పేరుతో రాయడం నేరం కాదు. తిట్టడం, ఒకరి మీద రుజువు లేని నింద వేయడం పరువు నష్టం కిందికొస్తుంది, అక్కడ మాత్రం ముసుగు కాపాడదు. కుళాయి ఎన్ని రోజులుగా రావడం లేదో తేదీలతో రాయమనండి, ఖాళీ బిందెల వరస ఫొటో తీసి పెట్టమనండి, మనుషుల పేర్లు లేకుండా పని గురించి రాయమనండి. మీ ఇంటి గుమ్మంలోంచి తీసిన ఫొటో పెడితే ఊళ్లో ఎవడైనా కనిపెట్టేస్తాడు, అది కూడా చూసుకోమనండి. కాళ్లు విరగ్గొడతామన్న మాట మళ్లీ ఎవరైనా అంటే, ఎవరు, ఎప్పుడు, ఎవరి ముందు అన్నారో కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ బెదిరింపు కూడా నేరమే.

మన దేశంలో రాబోయేది ఇంకొకటుంది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేశారు. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. పిల్లల గురించిన భాగం అక్కణ్నుంచి పద్దెనిమిది నెలలకు, అంటే 2027 మేలో అమలవ్వాలి. దాని లెక్కలో పద్దెనిమిది నిండనివాళ్లందరూ పిల్లలే, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లి లేదా తండ్రి అనుమతి రుజువుతో సహా ఉండాలి. పదిహేడేళ్ల ఇంటర్ పిల్లనూ ఏడేళ్ల పిల్లనూ ఒకే గాటన కట్టడం నాకు సమ్మతం కాదు. ఇంట్లో చెప్పుకోలేని సంగతి గురించి చదువుకోవడానికి ఆ పిల్ల మళ్లీ ఇంట్లోవాళ్లనే అడగాలా? కానీ అదే చట్టంలో 9వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. పిల్లలు ఏం చూస్తున్నారో కంపెనీ కాపు కాయకూడదు, దాన్నిబట్టి గురిపెట్టి ప్రకటనలు వేయకూడదు. తప్పితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా. ఆ ఒక్క మాట గట్టిగా అమలైతే చాలా మారుతుంది. పిల్లను రాత్రి పన్నెండు దాకా వదలకుండా వీడియో మీద వీడియో పోసేది ఆ కాపు కాసే యంత్రమేగా.

నేను కోరుకునే చట్టం ఇలా ఉంటుంది. పిల్లల ఖాతాకు పరాయివాడు మెసేజి పెట్టే తలుపే కంపెనీ తెరవకూడదు. ఫిర్యాదు బటన్ నొక్కితే అవతల తెలుగు చదవగల మనిషి ఉండాలి. మన శ్రీకాకుళం యాసలో రాసిన బెదిరింపు ఏ మిషనుకు అర్థమవుతుంది? వయసు తప్పనిసరిగా తెలియాల్సిన చోట, పేరూ ఊరూ చెప్పకుండా ‘నిండాయి’, ‘నిండలేదు’ అని మాత్రం చెప్పే చీటీ ఉండాలి. ఐరోపా దేశాలు 2025లో అలాంటి యాప్ నమూనా ఒకటి తయారుచేసి చూపించాయి, మన డేటా రక్షణ నిబంధనల్లో కూడా టోకెన్ అన్న మాట ఉంది. కాబట్టి ఇది కానిపని కాదు. వీటికోసమైతే మీ తమ్ముడూ మీ అబ్బాయీ ఒకే కాగితం మీద సంతకం పెట్టగలరు.

రామాలయం తీర్మానం సంగతి. దానికి చట్టబలం లేదు. కేరళలో ఒక కాలేజీ హాస్టల్ వాళ్లు రాత్రిపూట ఆడపిల్లల ఫోన్లు తీసేసుకుంటుంటే ఒక అమ్మాయి ఎదురుతిరిగింది, హాస్టల్ నుంచి వెళ్లగొట్టారు. 2019లో అక్కడి హైకోర్టు, ఇంటర్నెట్ వాడుకోవడం చదువు హక్కులోనూ ఆంతరంగిక జీవితపు హక్కులోనూ భాగమేనని చెప్పి, ఆమెను మళ్లీ చేర్చుకోమంది. కానీ ఊళ్లో కోర్టు తీర్పులు పట్టుకుని పెద్దలతో ఒంటరిగా వాదనకు దిగకండి. మీలాగే మగవాళ్లు వేరావల్‌లో ఉన్న ఇళ్ల ఆడవాళ్లు నలుగురైదుగురు కలిసి వెళ్లండి. ఒకటే అడగండి: బెదిరించినవాడి గురించి తీర్మానం ఏదండీ? మన పిల్లను బెదిరించినవాడు ఆడపిల్ల ఫోనులోంచి పుట్టలేదు గదా, వాడి చేతిలోనూ ఒక ఫోను ఉంది. ఇలాంటిది జరిగితే ఊరు ఆ పిల్ల పక్కన నిలబడి స్టేషన్ దాకా వస్తుందని రాయించండి. మీ ఊళ్లలో ఫోను అంటే ఏమిటో పెద్దలకు తెలియంది కాదు. 2018 నవంబరులో పాకిస్థాన్ వాళ్లు మన మత్స్యకారుల్ని పట్టుకుపోయి 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలిపెట్టారు. ఆ పదమూడు నెలల పైచిలుకు ఒక్క ఫోను కోసం ఎన్ని ఇళ్లు కాచుకుని కూర్చున్నాయో వాళ్లే చూశారు.

ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకోండి, పెడితే అందరికీ పెట్టండి. రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్లన్నీ, మీదీ పాపదీ, పెద్దబ్బాయి ఇంట్లో ఉంటే వాడిదీ, ముందుగదిలో ఒకే ప్లగ్గు దగ్గర ఛార్జింగ్‌లో ఉండాలి. పాపది ఒక్కటే అక్కడుంటే అది శిక్షలా ఉంటుంది.

మీ ఉత్తరంలో ఒక సంగతి నాకు కనబడలేదు. పాప ఆ ఇన్‌స్టాగ్రామ్‌లో ఏం పెట్టేది? ముగ్గులా, పాటలా, సముద్రమా? వీలుచూసి అడగండి, నాకూ రాయండి. వాళ్ల నాన్నకు ఈ సంగతి ఇంకా చెప్పలేదేమో, మీరు రాసిన తీరునుబట్టి అలా అనిపించింది. ఫిర్యాదు ఇచ్చాక మీరే చెప్పండి, ఎవరి నోటనో వినకముందే. అక్కడ బోటు మీద ఒక్కడూ ఉండి వింటే మనిషి కంగారుపడతాడు, కోపం కూడా వస్తుంది, ఆ కోపమంతా ముందు మీరే విని చల్లారనివ్వండి. తర్వాత ఆయన వీడియో కాల్ చేసిన రోజున పాప ఫోనుకే చేయమనండి. అది ఎత్తి మాట్లాడుతుంటే మీరు పక్కన కూర్చుని జాకెట్టుకు హుక్కులు కుట్టుకోండి.